అంచు కంబి

అరవ దేశపు కంబం లోయకు రెండు పక్కలా కొండలు పెట్టి, నడుమ ద్రాక్షకు చోటిచ్చాడు దేవుడు. ఇవ్వడమైతే ఇచ్చాడు గానీ పడమటి కనుమ తలుపు మూయడం మరిచాడు. ఆడి మాసం, అంటే ఆషాఢం, రాగానే ఆ సందులోంచి గాలి దిగుతుంది, మలయాళం వైపు వాన తుంపరనూ మోసుకొస్తుంది. పండబోయే కాయ ఆ తడికి చిట్లుతుంది. ఆడి గాలికి సన్నికల్లయినా ఎగురుతుందని ఇక్కడి తెలుగు ఇళ్లలోనూ అరవ సామెతే చెప్పుకుంటారు.

పళనిసామి తోట సరిగ్గా ఆ గాలికి ఎదురుగా ఉంది. వరసగా రాతి స్తంభాలు, వాటి మీద ఇనప కంబుల అల్లిక, దాని నిండా నల్లటి గుత్తులు. చుట్టూ లావుపాటి తీగ, అంచు కంబి. పందిరి బరువంతా మోసేది అదే. తండ్రి పోయాక సర్వేయరు వచ్చి నేలను అన్నదమ్ములకు చెరిసగం చేశాడు. పందిరిని పంచడం మాత్రం ఏ సర్వేయరు తరమూ కాదు. ఒక సగం తెంపితే రెండోదీ కూలుతుంది.

తమ్ముడు రాజ్‌మోహన్ తన సగం హోటల్ కట్టేవాళ్లకు అమ్మేశాడు. రాళ్లు పీకి ఇమ్మని వాళ్లు వాడి పీక మీద కూర్చున్నారు. పళనిసామికి కోత ఇంకో వారం ఉంది, వైన్ ఫ్యాక్టరీ లారీ రావాలి. వరసగా రెండు పంటలు వాన తినేసింది. ఇదీ పోతే తోట మీద ఆశ వదులుకోవాల్సిందే.

ఆ మధ్యాహ్నం గాలి హోరులో రాజ్‌మోహన్ కంబి కత్తెర పట్టుకొని వచ్చాడు.

"ఒరే, కోత అయ్యేదాకా పొరుత్తుకోరా" అన్నాడు పళనిసామి.

"ఎన్ని తూర్లు పొరుత్తుకొనేది అన్నా? నా పక్కము కంబి, నేను కోస్తా. అంతేదా!"

పళనిసామి తమ్ముడి చెంప పగలగొట్టాడు. వాడు కత్తెర పిడి తిప్పి అన్న దవడ మీద కొట్టాడు. పన్ను విరిగి నోటినిండా నెత్తురు వచ్చింది. పళనిసామికి ఒళ్లు తెలియలేదు. గట్టు మీది గడ్డపార అందుకొని తమ్ముడి తల మీదికే విసురుగా దించాడు. వాడు తప్పుకున్నాడు. దెబ్బ మూల స్తంభాన్ని లాగిపట్టిన కంబికి తగిలింది. అది తెగి, ఈలవేస్తూ ఎగిరింది. స్తంభం ఒరిగింది. తమ్ముడి వైపు పందిరి వాడి మీదే పడింది.

అంచు కంబి రాజ్‌మోహన్ గొంతు మీద అడ్డంగా దిగి నేలకు అదిమేసింది. గాలి ఒక్కో తోపు తోసినప్పుడల్లా ఇంకాస్త బిగుస్తోంది. వాడి కాళ్లు మట్టిలో కొట్టుకుంటున్నాయి, కళ్లు బయటికొస్తున్నాయి. కత్తెర పళనిసామి కాళ్ల దగ్గరే పడి ఉంది.

ఆ కంబి కోస్తే తమ్ముడు బతుకుతాడు. ఇంకా నిలిచి ఉన్న తన పందిరికి పట్టు ఆ కంబే, అది మిగలదు.

పళనిసామి తల తిప్పి గుత్తుల వైపు చూశాడు. చావనీ వెధవని, అనుకున్నాడు. నిజంగానే అనుకున్నాడు, ఒక్క గాలి తోపు దాటేంతసేపు. తర్వాత ఏడుస్తూ వంగి, కత్తెర తీసి, బలమంతా పెట్టి కోశాడు.

వెనక స్తంభాలు ఒకదాని మీదొకటి కూలుతున్న చప్పుడుకి అతను తిరిగి చూడలేదు. తమ్ముణ్ణి చంకల్లో పట్టి బయటికి లాగాడు. కాళ్ల కింద ద్రాక్ష చితికి, జారుతోంది.

చప్పుడు విని భార్య తాయమ్మాళ్ ఇంట్లోంచి పరుగెత్తుకొచ్చింది. నేలమట్టమైన తోట చూసి గుండెలు బాదుకుంది.

"ఎవురు కోసింది?"

పళనిసామి నోరు తెరిచాడు. నెత్తురే బయటికొచ్చింది.

రాజ్‌మోహన్ మెడ మీద కంబి వాత ఎర్రగా తేలింది. గాలి పీల్చుకుంటూ, దగ్గుతూ చెప్పాడు. "నేనే వదినా. ఇంకెవురు?"

ఆమె వాడి జుట్టు పట్టుకొని చెంప మీద కొట్టింది. మళ్లీ కొట్టింది. వాడు మొహం తిప్పుకోలేదు.

మూడో దెబ్బకు పళనిసామి తన చెంప అడ్డం పెట్టాడు.