ఇస్సాకు తాత దీవెన

1979లో అరబ్బు దేశంలోని సజ్జా క్యాంపు కూలీలు తెల్లవారగానే ముఖాలు కడుక్కుని, బస్సెక్కే ముందు ఇస్సాకు తాత దగ్గర ఆగేవారు. గేటు పక్క బల్ల మీద కూర్చునే ఆ గుడ్డి ముసలాయన బైబిల్లోని ఇస్సాకే. అబ్రాహాము కొడుకు, ఏశావు యాకోబుల తండ్రి. ఇంకా ఎలా బతికున్నాడని ఎవరూ అడగలేదు. చాయ్‌లో చక్కెర ఎంత వెయ్యాలో మాత్రం వంట మీరావలి అడిగాడు.

తాత దగ్గర రోజుకు ఒక్క దీవెనే ఉండేది. సిమెంటు ఫ్యాక్టరీలో సిమెంటు నిలవుంచే ఎత్తైన సైలో లోపలికి దిగి, గోడలకు గడ్డకట్టిన సిమెంటు రాల్చేవాడికే అది దక్కాలని క్యాంపు కట్టుబాటు. పోయిన నెల దీవెన లేకుండా దిగిన త్రిమూర్తులు సిమెంటు కింద కూరుకుపోయాడు; శవాన్ని పారలతో తవ్వి తీశారు.

ఈసారి ఒకే రోజు రెండు సైలోలు శుభ్రం చెయ్యాలి. అన్నదమ్ములు దేవదానం, జకర్యా చెరొకదాంట్లో దిగాలి. ఇద్దరిదీ ఒకే పోలిక. చేతులే తేడా: ఆరేళ్లుగా ఇక్కడ పనిచేస్తున్న దేవదానానివి కాయలు కాచిన చేతులు, ఒక బొటనవేలికి గోరూడిపోయింది. దీవెన పెద్దవాడికేనని గదిలోవాళ్లు తేల్చేశారు. జకర్యాకు భయం పట్టుకుంది. అన్న స్నానానికి వెళ్లగానే అన్న చొక్కా తొడుక్కుని, మెత్తటి చేతులకు తడి సిమెంటు పూసుకుని తాత ముందు మోకరించాడు.

"పేరేంటి నాయనా?"

"దేవదానాన్ని తాతా."

తాత ఆ చేతులు రెండుసార్లు తడిమాడు. "గొంతు చిన్నవాడిదిలా ఉంది. చేతులు పెద్దవాడివే" అని తల మీద చెయ్యి పెట్టాడు.

తర్వాత దేవదానం వచ్చాడు. అతని చేతులు తాకగానే తాత "మరి ఇందాక వచ్చి దీవెన పట్టుకుపోయిందెవరు?" అన్నాడు.

"ఒక్కటైనా మిగల్లేదా తాతా?"

"లేదు నాయనా. ఇచ్చాక వెనక్కి తీసుకోవడం నాకు చేతకాదు."

దేవదానానికి మిగిలింది తమ్ముడి చొక్కానే. అదే వేసుకుని బస్సులో తమ్ముడి పక్కన కూర్చున్నాడు. ఒక్క తిట్టు తిట్టినా బాగుండునని జకర్యా అనుకున్నాడు.

సాయంత్రం జకర్యా పైకొచ్చాడు. అన్న శవాన్ని తీశారు. ఒంటి మీది చొక్కా జేబులో జకర్యా గుర్తింపు కార్డు ఉంది.

"పోయింది మా అన్న సార్. నేను జకర్యాని" అంటూ అతను, తన మెత్తటి చేతులే సాక్ష్యమని, వాటిని కడుక్కుని అందరూ ముదీర్ అనే మేనేజరు ముందు చాపాడు. సిమెంటు పోయింది. దాని కింద ఆరేళ్ల కాయలతో, గోరు లేని బొటనవేలితో దేవదానం చేతులున్నాయి. ముదీర్ వాటిని చూసి "ఖలాస్, తేలిపోయింది. పోయింది జకర్యానే" అన్నాడు. గదిలోవాళ్లూ చూశారు. "దేవదానం, ఇంత అన్నం తిను" అన్నారు.

చదువురాని తల్లులకు వాళ్లు క్యాసెట్లో మాటలు నింపి పంపేవారు. శుక్రవారం మీరావలి టేప్ రికార్డరు తెచ్చి అతని ముందు పెట్టాడు.

"చిన్నోడు పోయాడని మీ అమ్మకి నువ్వే చెప్పాలబ్బా."

జకర్యా అన్న బొటనవేలితో మీట నొక్కాడు. టేపు తిరుగుతోంది.

"అమ్మా" అన్నాడు. గొంతు మాత్రం ఇంకా చిన్నవాడిదే. ఆ ఒక్క పిలుపు చాలు, పోయిన కొడుకెవరో ఆమెకు తెలిసిపోతుంది.