మేపేవాడు

చర్చి అరుగు మీది మేక పెంటికలను సంసోను చీపురుతో ఊడుస్తున్నాడు. రోజూ ఉన్న పనే. పినపాక దాటాక అడవి అంచున ఉన్న ఆ రేకుల షెడ్డుకు పాస్టరూ ఆయనే, ఊడ్చేదీ ఆయనే. మేకలు ముత్యాలువి. విసుక్కుందామంటే ముత్యాలు మొహం చూడగానే నవ్వొస్తుంది.

“బోర్డు మీద పాస్టరని రాసుకున్నవ్. గదంటే ఏంది సారూ?” అన్నాడు ముత్యాలు.

ఇన్నేళ్లలో ఆ మాట అడిగినవాడు లేడు. సంసోను చీపురు పక్కన పెట్టాడు.

“ఇంగ్లీషోళ్ల మాట. వాళ్లకు లాటిన్ నుంచి వచ్చింది. అసలైతే మందను మేపెటోడని.”

“అయితే మనిద్దరిదీ ఒకటే కొలువు! తప్పిపోతే ఎతుకబోతవా మరి?”

“అవ్. పోవాలె గదా.”

అనేశాడు గానీ మొహం వేడెక్కింది. కారేపల్లి నుంచి వచ్చింది మొదలు పెళ్లిళ్లు, సమాధులు, జ్వరాలకు ప్రార్థనలు. రమ్మన్నచోటికి వెళ్లాడే తప్ప ఎవరినీ వెతుక్కుంటూ పోలేదు. మధ్యాహ్నం ఒక బాలింతను చూసొచ్చాడు, చారన్నం తిన్నాడు, కునుకు తీశాడు. ఆ ప్రశ్న మాత్రం పంట్లో ఇరుక్కున్నట్టు ఉండిపోయింది.

దీపాలు పెట్టేవేళ మేకలు వాటంతటవే ఇల్లు చేరాయి. వెనక ముత్యాలు లేడు. అతని భార్య ముత్తక్క ఇల్లిల్లూ తిరిగింది. తెల్లారినంక డోలు కొట్టుకుంట పోదామన్నారు గూడెం మగవాళ్లు. చీకటి పడ్డాక అడవివైపు తిరిగి మనిషిని పిలవరు అక్కడ. పిలిస్తే ఇంకేదో పలుకుతుందట.

సంసోనుకు భయం వేసింది. అయినా పొద్దున ‘పోవాలె గదా’ అన్నది తానే. వీధి ప్రార్థనల చేతిమైకు తీసుకుని బయల్దేరాడు.

“పిలవకు సారూ, నీకు దండం పెడత,” అంది ముత్తక్క.

ఆయన అటు వెళ్లిన కాసేపటికే ముత్యాలు ఇంటికొచ్చాడు. కాలు బెణికి మందను అందుకోలేక, డాంబరు రోడ్డెక్కి ఆటోలో వచ్చాడట. చెంబెత్తి నీళ్లు తాగుతుంటే అడవిలోంచి మైకు వినిపించింది.

“ముత్యాలూ...”

“ఓయ్,” అని అడవిలోంచే జవాబొచ్చింది.

చెంబు ముత్యాలు చేతిలోనే ఆగిపోయింది. పలికిన గొంతు తనది.

“ఆఁ, ఇనబడ్డది! ఆడనే ఉండు, వస్తున్న,” అన్నాడు సంసోను. ఎంత సంబరమో ఆ మాటలో.

ముత్తక్క నోరు తెరిచి మూసుకుంది. తాను సారును పిలిచినా అడవిలోంచి పలికేది ఆయన కాదు. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆ చప్పుడుకైనా సారు వెనక్కి మళ్లుతాడని ముత్యాలు ఇత్తడి పళ్లెం తీసుకుని గరిటెతో, చేతులు నొప్పెట్టేదాకా కొట్టాడు. మైకు మళ్లీ వినిపించింది, ఇంకొంచెం దూరంగా. ఆ తర్వాత వినిపించలేదు.

తెల్లారి డోలుతో వెళ్లారు. సంసోను దొరకలేదు. వాగు అవతల తునికి చెట్టు కొమ్మకు చేతిమైకు పట్టీతో తగిలించి ఉంది, ఎర్రలైటు ఇంకా వెలుగుతూ.