రెండో చెంబు

మా మేడ మీద గదిలో అద్దెకుండే అంజలి, అర్ధవీడులో వాళ్ల నాయన్ను చూసి వస్తానని పోతూ ఒకటే మాట చెప్పింది. "అవ్వా, ఆ బిళ్లల మీద నీళ్లు పడనీయొద్దు. అది సిమెంటు కాదు." చెప్పి ఊరుకోక, పిట్టగోడ మీద సుద్దతో రాసింది కూడా.

అవి జొన్నరొట్టె అంత గుండ్రటి బిళ్లలు. మార్కాపురం పలకల గనుల దగ్గర గుట్టలు పడి ఉండే రాతిపొడి, కరెంటు ప్లాంటు బూడిద, ఏదో ఘాటైన మందునీళ్లు కలిపి, సన్నటి ఇనుప తీగ ముక్కలు వేసి పోసి, మేడ మీద మూడు వరుసలుగా పెట్టింది. వాటి మీద ఇనుప గుండు మళ్లీ మళ్లీ పడేసి, ఎంతవరకు ఓర్చుకుంటాయో సోమవారం కాలేజీలో చూపించాలి. చూపిస్తే చదువు పూర్తయి, విశాఖపట్నంలో ఉద్యోగం. లేకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరిది.

మా ఆయన మేస్త్రి. ఆయన పోసిన స్లాబు గట్టిపడాలని దాని మీద మట్టి గట్లు కట్టి నీళ్లు నిలపడం నా పనిగా ఉండేది. తెల్లారి మేడ ఎక్కేసరికి ఎదురుగా బిళ్లలు, చేతిలో తులసికి తెచ్చిన చెంబు. చెయ్యి నన్ను అడగలేదు. ముందు వరుస తడిశాక గోడ మీది అక్షరాలు కనిపించాయి. నేను బడికి పోలేదు. పలకల ఫ్యాక్టరీలో విరిగిన పలకల మీద దిద్దుకుని చదవడం నేర్చుకున్నాను. ఆ పూట చదవడం రాకపోయినా బాగుండేది.

గుడ్డతో తుడిచి ఉండొచ్చు. తుడవలేదు. కిందికి దిగి చెంబు నింపుకున్నాను. మెట్లు ఎక్కుతున్నంతసేపూ ఆ పిల్ల విశాఖపట్నానికి పెట్టె సర్దుకుంటున్నట్టే ఉంది కళ్లకు. రెండో వరుస కూడా తడిపాను. గోడ వార, పట్టా కింద ఉన్న మూడో వరుస దగ్గరికి మాత్రం కాళ్లు పోలేదు.

ఆదివారం అంజలి వచ్చింది. కాలేజీకి మోసుకుపోయే ముందు ఒకటి చూద్దామని, వాకిట్లో బిళ్ల పెట్టి గొట్టంలోంచి గుండు వదిలింది. కాసిన్ని దెబ్బలకే బిళ్ల సున్నంలా రాలింది. తీగ ముక్కలు పట్టు లేక ఊడివచ్చాయి. రెండోదీ అంతే.

ఎదురింటి విజయలక్ష్మి గేటు మీద చేతులానించి నవ్వింది. "మీ అవ్వను కలపమని అడగాల్సింది పిల్లా. ఆమె వడియాలు సుత్తితో కొట్టినా పగలవు!"

అంజలి నవ్వలేదు. వాళ్ల సారుకు ఫోన్ చేసింది. "అన్నీ పోయినట్టే సార్. మందు తప్పు కలిపినట్టుండాను. లేదు సార్, నా తప్పే."

ఫోన్ పెట్టేసి, "మళ్లీ పోసి చూపించేదాకా ఇంకో రెండు నెలలు నీ చేతి కూడే అవ్వా" అంది. నాకు సంతోషమేసింది. ఆ సంతోషంతో వాకిట్లో నిలబడలేక ఆమె వెనకే మెట్లెక్కాను. ఆమె మిగిలినవి పారేయడానికి గంపలోకి ఎత్తుతోంది.

"మూడో వరుస పారేయొద్దు" అన్నాను.

"అంతా ఒకే కలుపు గదా."

"దానికి నీళ్లు పొయ్యలేదు."

అంజలి గంప దించింది. "మర్చిపోయి పోసినావా?"

"ముందు వరుసకు మర్చిపోయే పోసినా."

"మరి రెండోదానికి?"

నేను పిట్టగోడ పట్టుకున్నాను. ఆమె మూడో వరుసలోంచి ఒక బిళ్ల తీసుకుని వాకిట్లోకి దిగింది.

మూడో వరుస బిళ్ల మీద గుండు పడుతూనే ఉంది. విజయలక్ష్మి నవ్వు మానేసి దగ్గరికొచ్చింది. చాలాసేపటికి వెంట్రుక లాంటి బీట వచ్చింది. ఇంకా కొట్టింది. బీట వెడల్పయింది గాని, తీగలు రెండు ముక్కల్నీ విడిపోనీయలేదు. అంజలి మొహంలో వెలుగు వచ్చింది. అది నా వైపు తిరగలేదు.

సోమవారం కాలేజీకి బయల్దేరేటప్పుడు బిళ్లల పెట్టె అందుకోబోతే, "నేను ఎత్తుకుంటాలే" అంది. ఆ గదిలో అద్దెకుండి వెళ్లినవాళ్లను నేను ఎన్నడూ గుమ్మం దాటి సాగనంపలేదు. ఆ పొద్దు బస్టాండు దాకా ఆమె వెనకే నడిచాను.

బస్సెక్కి కిటికీలోంచి అంది. "పగిలినవి పారేయొద్దవ్వా. అవెందుకు పోయినాయో కూడా రాయాల."

"నా పేరు రాస్తావా?"

"నీళ్లు పడినాయని రాస్తా."

ఇంకేమైనా అంటుందేమోనని కిటికీ కింద నిలబడ్డాను. కండక్టరు నన్ను పక్కకు జరగమన్నాడు.