మీ పేరు బయటికి రాదు

నాకు నోటి దురుసు ఎక్కువని మా ఆఫీసులో అందరూ అంటారు. అననివ్వండి. అరవై కాపురాలున్న భవనాన్ని పదిహేనేళ్ళుగా చూసుకుంటున్న మనిషికి నోరు లేకపోతే ఈపాటికి ఆ అరవై కాపురాలూ నా నెత్తినెక్కి కూర్చునేవి. లేనివాళ్ళకు తక్కువ అద్దెకు ఇళ్ళిచ్చే సంస్థ మాది. కారే పైపు దగ్గర్నుంచి కొట్టుకునే మొగుడూ పెళ్ళాల దాకా ఏ గొడవైనా కింది అంతస్తులో ఉన్న నా బల్ల దగ్గరికే వస్తుంది. నన్ను ఆఫీసమ్మ అంటారు. నా అసలు పేరు సగం మందికి తెలియదు.

రెండో అంతస్తు చివరింటి సంగతి మాత్రం నా బల్ల దగ్గరికి రాలేదు. నేనే వెళ్ళి వెతుక్కోవలసి వచ్చింది. ఆ ఇంట్లో ఉండే మనిషిని అందరూ మెత్తనయ్య అంటారు. అతను గొంతు పెంచగా ఇంతవరకూ ఎవరూ వినలేదు. మెత్తగా ఉంటే మొత్తబుద్ధవుతుందని సామెత. ఇతన్ని చూస్తే మాత్రం గోడకు ఆనుకుని దారివ్వబుద్ధవుతుంది. పొద్దున్నుంచి ఆ గుమ్మంలోకి ముక్కూ మొహం తెలియని మనుషులు వస్తారు, చిన్న పొట్లాలు జేబులో పెట్టుకుని పోతారు. మత్తు బిళ్ళలని ఇంటింటికీ తెలుసు. ముఖద్వారం తాళం నాలుగుసార్లు మార్పించాను. నాలుగుసార్లూ వారం తిరక్కుండా విరిగింది. ఆరో అంతస్తాయన ఒకరోజు మెట్ల మీద వాళ్ళను కసురుకున్నాడు. మర్నాడు ఆ మెట్ల మీదే చెయ్యి విరిగింది. జారిపడ్డానని ఆయనే చెప్పాడు, నా మొహం చూడకుండా.

ఆ ఇల్లు ఖాళీ చేయించాలంటే కోర్టుకు వెళ్ళాలి. కోర్టుకు సాక్ష్యం కావాలి. అందుకని మా సంస్థలో ఒక ఫారం ఉంది, ఇబ్బందుల డైరీ అంటాం. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏం చూశారు, ఏం విన్నారు, సంస్థ ఏం చేయాలని కోరుకుంటున్నారు, అన్నీ అందులో రాయాలి. ఆ ఫారాలు పట్టుకుని నలభై గుమ్మాలెక్కాను. నలభై గుమ్మాల్లోనూ పిల్లి మెడలో గంట ఇంకెవరైనా కడితే బాగుండునన్న మొహాలే. ఒకావిడైతే "మాకేం ఇబ్బంది లేదమ్మా, చాలా మంచివాడు" అని చెబుతూనే తలుపుకు లోపలి నుంచి గొలుసు తగిలించింది.

రాస్తానన్నది ఒక్క గడియారాల మాస్టారే. నాలుగో అంతస్తులో, కిటికీ పక్కన బల్ల వేసుకుని చేతి గడియారాలు బాగుచేస్తారు. కిటికీలోంచి చూస్తే ఎదుటి వరుసలోని రెండో అంతస్తు వరండా అంతా కనిపిస్తుంది. కూతురు పోయాక మనవరాలిని ఆయనే పెంచుతున్నారు. పిల్లకు పదకొండేళ్ళు. వట్టి వాగుడుకాయ.

"రాయడానికేముందమ్మా, చూసేదేగా. కానీ ఇదొకత్తి ఉంది కదా నాకు," అన్నారు, పిల్ల చెప్పులకేసి చూస్తూ.

"మీ పేరు బయటికి రాదు మాస్టారూ. నా చేత్తో నేనే చెరిపేస్తాను. వస్తే నన్నడగండి."

"అడగడానికి నేనుండాలి కదా," అని నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఆరు వారాలు రాశారు. ఎనిమిదిన్నర ప్రాంతంలో, మధ్యాహ్నం పూట, ఇలాంటి మాటలు ఆయన దగ్గర ఉండవు. 8:31, ఇద్దరు వచ్చారు. 8:36, వెళ్ళారు. 8:52, ఒకడు వచ్చాడు, ఎర్ర చొక్కా. అలా పేజీలకు పేజీలు. మా లాయరు చదివి కుర్చీలోంచి లేచినంత పని చేశాడు. "ఇది సాక్ష్యం కాదు మేడం, బంగారం. ఏ జడ్జీ కాదనలేడు," అన్నాడు.

కానీ చట్టం అంటూ ఒకటుంది. మన దగ్గరున్న కాగితాల నకలు అవతలివాడికీ ఇవ్వాలి. చేతిరాత తెలియకూడదని మొత్తం నేనే టైపు చేశాను. పేరు తీసేశాను, అంతస్తు తీసేశాను, కిటికీ అన్న మాట ఎక్కడున్నా తీసేశాను. ఆ నకలు పట్టుకుని నేనే మెత్తనయ్య గుమ్మానికి వెళ్ళాను. విచారణ ఇంక పదిహేను రోజులుంది.

"రండక్కా, మెట్లెక్కి వచ్చారు, కూర్చోండి," అన్నాడు. నేను కూర్చోలేదు. అతను నిలబడే నాలుగు పేజీలు చదివాడు. "ఎంత ఓపికక్కా! ఎవరో గానీ దణ్ణం పెట్టాలి," అన్నాడు. గొంతులో వెటకారం కూడా లేదు. అందుకే నాకు భయం వేసింది.

రెండు రోజుల తర్వాత నా బల్ల దగ్గరికి వచ్చాడు. తనకూ ఇబ్బందులున్నాయట. తనూ అద్దెకుండేవాడేనట. "మూడు ఫారాలివ్వండక్కా," అన్నాడు. ఇవ్వనని అనడానికి నాకు అధికారం లేదు. ఇచ్చాను. అతను నా వెనక గోడకేసి చూసి, "మీ గడియారం మూడు నిమిషాలు వెనకుంది, ఎవరికైనా ఇచ్చి బాగుచేయించండి," అంటూ నా మొహంలోకి చూశాడు. నేను చూపు తిప్పుకున్నానో లేదో నాకే తెలియదు.

గురువారం విచారణ అనగా సోమవారం మధ్యాహ్నం మూడు ఫారాలూ నింపుకుని వచ్చాడు. పొందికైన అక్షరాలు. ఒకటి మూడో అంతస్తు ముసలావిడ చేతికర్ర చప్పుడు గురించి. రెండోది ఐదో అంతస్తులో ఉండే నర్సు తలుపు గట్టిగా వేస్తుందని. ఆ రెండూ పైపైన చూసి వదిలేశాను. మూడోది మాత్రం రెండుసార్లు చదివాను.

"సోమవారం, సాయంత్రం 4:12. నాలుగో అంతస్తు పిల్ల గేటు దాటింది. ఒంటరిగా. 4:14. లిఫ్టు పనిచేయడం లేదు, మెట్లెక్కుతోంది. 4:16. మూడో అంతస్తు మలుపు. ఇక్కడ దీపం లేదు, ఎవరూ ఉండరు. పరుగెత్తిన చప్పుడు. మంగళవారం, 4:11. గేటు దాటింది. ఒంటరిగా." అలా శుక్రవారం దాకా, పోయిన వారమంతా ఉంది. సంస్థ ఏం చేయాలని కోరుకుంటున్నారు అన్నచోట, "ఏమీ వద్దు. మీకు తెలిసి ఉంటే చాలు," అని రాశాడు.

"ఏమిటిది?" అన్నాను.

"అడుగుల చప్పుడక్కా. పడుకోనివ్వడం లేదు. స్టాంపు వేసి రసీదివ్వండి." నేను స్టాంపు తీశాను. ముద్ర వేసి రసీదు చింపి ఇచ్చాను. అతను రసీదు మడుచుకుంటూ, "ఫిర్యాదు ఇచ్చినవాడి పేరు బయటికి రాదు కదా?" అని అడిగాడు.

"రాదు," అన్నాను. నా నోటితోనే అన్నాను.

అతను అటు వెళ్ళగానే లాయరుకు ఫోను చేసి మొత్తం చదివి వినిపించాను. "ఇందులో బెదిరింపు ఏ వాక్యంలో ఉంది మేడం?" అన్నాడు. పిల్ల పరుగెత్తితే చప్పుడవుతుందని రాయడం ఏ చట్టం ప్రకారమూ నేరం కాదట. మాస్టారిని ఈ వారమే వేరే భవనానికి మార్చేద్దామంటే అదీ వద్దన్నాడు. విచారణకు మూడు రోజుల ముందు ఒక ఇల్లు ఖాళీ అయితే సాక్షి ఎవరో చాటింపు వేసినట్టేనట. "గురువారం దాకా ఆ ఇంటి ఛాయలకు వెళ్ళకండి. మీకు కోపం వచ్చిందంటే కాళ్ళు ఆగవు, నాకదే భయం," అన్నాడు.

నీ కూతురైతే ఇలాగే అంటావా అని అరిచి ఫోను పెట్టేశాను. మాస్టారికి రెండుసార్లు చేశాను. ఎత్తలేదు. పని మీద కూర్చుంటే ఫోను సొరుగులో పడేస్తారు. టైము మూడున్నర దాటింది. ఇంకాసేపట్లో బడి వదిలేస్తారు. గేటు దగ్గరికి వెళ్ళి నిలబడితే సరిపోయేది. పిల్ల చెయ్యి పట్టుకుని ఎటైనా తీసుకుపోయినా సరిపోయేది. కానీ నా బుర్రలో ఒకటే మాట: వాడికి తెలిసిపోయింది. నిమిషాలతో సహా రాశాడంటే ఆ డైరీ ఎవరు రాశారో వాడికి తెలిసిపోయింది. ఆ కాగితం ఒక్కటీ పట్టుకుని మెట్ల మీద పరుగెత్తాను. రెండో అంతస్తులో అతని తలుపు ఓరగా తీసి ఉంది. లోపలికి తొంగి చూడలేదు. ఆగలేదు కూడా.

మాస్టారు తలుపు తీశారు, కంటికి భూతద్దం అలాగే ఉంది. నేను ఆయాసపడుతూ ఏదేదో చెప్పాను. ఇల్లు మారుద్దాం, రేపే బండి తెప్పిస్తాను, పిల్లను బడికి పంపకండి, అంతా ఒక్క ఊపిరిలో చెప్పేశాను. ఆయన నా మాటలు పట్టించుకోలేదు. కాగితం తీసుకుని బల్ల దగ్గర కూర్చున్నారు. విరిగిన చక్రం కోసం గడియారంలో వెతికినట్టు ఒక్కొక్క లైను మీదా ఆగుతూ చదివారు. మంగళవారం దగ్గర వేలు ఆగిపోయింది.

"మంగళవారం దీనికి జ్వరమమ్మా," అన్నారు. "గడప దాటలేదు."

"అయితే?"

"అయితే చూసి రాయలేదు. తనింట్లో కూర్చుని ఊహించి రాశాడు." భూతద్దం తీసి బల్ల మీద పెట్టారు. "మీకు ఈ ఒక్క కాగితమే ఇచ్చాడా?"

"మూడిచ్చాడు. ఒకటి ముసలావిడ మీద, ఒకటి నర్సు మీద."

"వాళ్ళిళ్ళకు కూడా వెళ్ళారా?"

లేదని తల ఊపాను. అప్పుడు నాకు ఒక్కొక్కటే అర్థమవుతూ వచ్చింది. ఆ వరండా కనిపించే కిటికీలు మా భవనంలో మూడే. మూడో అంతస్తుది, నాలుగోది, ఐదోది. డైరీ ఆ మూడిళ్ళలో ఒకటి రాసిందని అతనికి తెలుసు, ఏదో తెలియదు. మూడు కాగితాలు నా ముందు పడేసి, నేను ఏ గుమ్మానికి పరుగెడతానో చూద్దామని తలుపు ఓరగా తీసుకుని కూర్చున్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టని అంటారు. నేను నా భుజం కూడా కాదు, పాపం, మాస్టారి భుజం తడిమి చూపించి వచ్చాను.

"మాస్టారూ, నాకు తోచలేదు. మీ మీద ఒట్టు, నాకు తోచలేదు," అన్నాను. ఏడుపు వచ్చేసింది. పదిహేనేళ్ళలో ఏ గుమ్మంలోనూ ఏడవలేదు నేను.

ఆయన లేచి తలుపు తీశారు, పిల్ల వచ్చే వేళయిందని. కింద మలుపులో మెట్టు మీద మెత్తనయ్య కూర్చుని ఉన్నాడు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, ఎవరికోసమో తీరిగ్గా ఎదురుచూస్తున్నవాడిలా. కింద నుంచి పిల్ల పుస్తకాల సంచీ ఊపుకుంటూ ఎక్కి వస్తోంది, ఏదో పాట కూనిరాగం తీస్తూ. అతను కాళ్ళు పక్కకు జరిపి దారిచ్చాడు.

"రామ్మా, మెల్లిగా. తాతయ్య నీకోసమే చూస్తున్నాడు."

"థాంక్సు అంకుల్," అంది పిల్ల, మామూలుగా.

ఆ తర్వాత అతను తల ఎత్తి నావైపు చూశాడు. "మిగతా రెండు కాగితాలూ చింపేయండక్కా. వాటితో ఇంక పని లేదు," అన్నాడు. ఎప్పటి గొంతే, ఒక్క పిసరు కూడా పెంచలేదు.

మాస్టారు పిల్లను రెక్క పట్టి లోపలికి లాగారు. అది "అబ్బా, నొప్పి తాతయ్యా" అంది. ఆయన అతనికేసి చూడనే లేదు. నాకేసి చూశారు.

"గురువారం నన్ను నమ్ముకోకండమ్మా," అన్నారు.

"నేనిప్పుడు ఏం చెయ్యను మాస్టారూ?"

"మీరు చెయ్యాల్సింది చేసేశారు," అని తలుపు వేసుకున్నారు. గడియ పడింది. తర్వాత బరువైనదేదో నేల మీద ఈడ్చుకొచ్చి తలుపుకు అడ్డం పెట్టిన చప్పుడైంది. ఆ బల్లే అయ్యుంటుంది, ఎందుకంటే గడియారాలు జలజలా రాలడం కూడా వినిపించింది. మెత్తనయ్య మెట్టు మీంచి లేవలేదు. కిందికి దిగాలంటే నేను అతని పక్కనుంచే వెళ్ళాలి.