తలకిందుల తెర

“మా ఆవిడ కోసింది లెండి. ఇంకా నేర్చుకుంటోంది” అన్నాడు మా ఆయన, ఫంక్షన్ హాలు మేనేజరుతో.

మేనేజరు తాగిన గ్లాసు తీస్తున్నదాన్ని అలాగే ఆగిపోయాను. అతను వెనక్కి పట్టుకొచ్చిన స్టేజీ తెర మా కోతబల్ల మీద పరిచి ఉంది. ఎర్ర వెల్వెట్, ఒకే తానులోది. అయినా ఒక పట్టీ ఎర్రగా, పక్క పట్టీ నల్లగా, ఆ పక్కది మళ్ళీ ఎర్రగా ఉంది.

“లైట్లు వేస్తే చారల దుప్పటి ఆరేసినట్టుందమ్మా. ఆదివారం హాలు ప్రారంభం. మా ఓనరు నన్ను తినేస్తున్నాడు” అన్నాడు మేనేజరు.

వెల్వెట్‌కి నూగుంటుంది. పిల్లి వీపులాగే, ఒకవైపు నిమిరితే నున్నగా మెరుస్తుంది, ఎదురు నిమిరితే నల్లబడుతుంది. పట్టీలన్నీ ఒకే వాలున కోయాలి. ఒకటి తిన్నగా, ఒకటి తలకిందులుగా మడిచి కోస్తే పని తొందరగా తెములుతుంది, తెర చెడుతుంది. అలా చెడగొట్టిన మహానుభావుడు నా ఎదురుగా కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. అత్తగారిని కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి నేను బెంచీ మీద పడిగాపులు కాస్తున్న రోజు, తానుకి తానూ కోసేసి, బయటి కుట్టేవాళ్ళకిచ్చి, నా కంట పడకుండా పంపించేశాడు. “నువ్వు లేకపోతే పని ఆగుతుందనుకున్నావా” అని ఆ సాయంత్రం నవ్వాడు కూడా.

నేర్చుకుంటోందట. అవును, నేర్చుకున్నాను. ఊళ్ళోవాళ్ళు పారేసే సోఫాలు తెచ్చి, పొయ్యి మీద కూర ఉడికేలోగా విప్పి, ఎవడు ఎక్కడ మడత పెట్టాడో, ఎక్కడ మోసం చేశాడో చూసి నేర్చుకున్నాను. వేళ్ళ మధ్య నలిపి చూసి గుడ్డ రకం చెప్పడం నేర్చుకున్నాను. అన్నిటికన్నా కష్టమైనది, ధర చెప్పాక నోరు మూసుకుని కూర్చోవడం. మొదట్లో ధర చెప్పిన మరుక్షణం “మీ ఇష్టం లెండి” అనేసేదాన్ని. ఆ మూడు మాటలు నా నోట్లోంచి పీకేసుకోవడానికి ఏళ్ళు పట్టింది. అదంతా ఈయన దృష్టిలో “ఇంట్లో తోచక ఏదో కుడుతుంది.” పని మెచ్చుకుంటే మాత్రం “నేను చేయించాను.” అత్తగారు ఇంకో అడుగు ముందుకేసి, వచ్చినవాళ్ళందరికీ “మావాడు దానికి వ్యాపారం పెట్టించాడు” అని చెప్పుకుంటుంది. కుట్టు మిషను నా గాజులమ్మి కొన్నదని మిషనుకి తెలుసు, నాకు తెలుసు.

“సర్దుకోండి సార్, ఆడవాళ్ళ పని కదా” అంటున్నాడు మా ఆయన. “కొంచెం తగ్గించి ఇద్దురు గాని.”

గ్లాసు కింద పెట్టాను.

“ఇది నేను కోయలేదండీ” అన్నాను మేనేజరుతో. “ఆయన కోశారు. ఆయనకి వెల్వెట్ కోయడం రాదు.”

గుమ్మంలోంచి అత్తగారు, “బయటివాళ్ళ ముందు మొగుణ్ణి అంత మాటంటావా? నీ నోరు పడిపోను” అంది.

“పడిపోతే తెర ఎవరు కోస్తారు అత్తయ్యా?”

మేనేజరు దగ్గొచ్చినట్టు మొహం పక్కకి తిప్పుకున్నాడు.

“కొత్త తాను తెచ్చి మళ్ళీ కోసి కుట్టిస్తాను. శనివారానికి మీ హాల్లో నేనే వేలాడదీయిస్తాను. గుడ్డ నష్టం మాది” అన్నాను. “కానీ ఇకమీదట పని మాట నాతోనే మాట్లాడాలి. ఫోను నా నంబరుకే చెయ్యాలి. ఇష్టమైతేనే.”

అని నోరు మూసుకున్నాను. అతను తెర వంక చూశాడు, మా ఆయన వంక చూశాడు, జేబులోంచి ఫోను తీశాడు.

“నంబరు చెప్పండమ్మా.”

మా ఆయన లేచి నిలబడ్డాడు. మెడ నరాలు తేలాయి. “లోపలికి పద. నీతో మాట్లాడాలి.”

ఇన్నాళ్ళూ ఆ పిలుపు వినగానే వెళ్ళేదాన్ని. ఆయన వెనకాలే వెళ్ళి, తలుపు మూశాక అన్నీ విని, కళ్ళు తుడుచుకుని వచ్చి, మళ్ళీ మిషను ముందు కూర్చునేదాన్ని.

“నాకిక్కడ పనుంది” అన్నాను. “మీరు వెళ్ళండి.”