పాతికేళ్ల చెయ్యి

యేసమ్మ నలభై ఏళ్లు ప్రార్థన చేసింది, మొగుడు బాప్తిస్మం పుచ్చుకోవాలని. జోగారావు మాత్రం "చూద్దాంలే" అంటూ నలభై ఏళ్లూ నెట్టుకొచ్చాడు. తీరా ఆయన సరేనన్ననాటికి ఆవిడ పక్షవాతంతో మంచం పట్టింది.

"నేనెలాగూ రాలేను గదరా. నీళ్లలోంచి లేచేటప్పుడు మీ నాన్న మొహం ఎలా ఉంటుందో, అది నాకు చూపించు, చాలు," అంది కొడుకు జాకబ్‌తో.

ఏలూరులో జాకబ్‌ది పాతికేళ్ల స్టూడియో. కెమెరా తయారుచేసిన కంపెనీదే జూమ్ లెన్సు ఒకటుండేది గానీ, కొల్లేటి తేమకి లోపల బూజు పట్టింది. మళ్లీ అదే కంపెనీది కొందామంటే ధర గుండె గుభేలుమనేలా ఉంది. వేరే కంపెనీది సగానికే వస్తోంది. కొట్లో గోడకి న్యూస్‌పేపరు అతికించి, స్టాండు మీద కెమెరా పెట్టి ఆ లెన్సుతో ఫొటో తీసి చూశాడు. అక్షరం అక్షరం తేటగా వచ్చింది. పేరు చూసి డబ్బు తగలేసేవాడు వెర్రివాడని తేల్చుకుని ఆ రెండోదే కొన్నాడు.

తాడేపల్లిగూడెంలో స్టూడియో నడిపే బాలస్వామి దాన్ని అటూ ఇటూ తిప్పి పెదవి విరిచాడు.

"బొమ్మకి వంక పెట్టలేమండీ. కానీ దీని జూమ్ రింగు మన పాతదానికి ఎదురు తిరుగుతుందండి. దగ్గరికి తెద్దామని తిప్పితే దూరం పోద్ది. ఆదివారం బాప్తిస్మానికి నాది పట్టుకెళ్లండి."

"పాతికేళ్ల చెయ్యండీ ఇది! నాలుగు రోజుల్లో అదే దారికొస్తది," అన్నాడు జాకబ్. అడక్కుండా ఇచ్చినదాన్ని కూడా పుచ్చుకోనివ్వదు, వెధవ అభిమానం.

ఆదివారం పొద్దున్నే కొల్లేటి ఒడ్డున గుర్రపుడెక్క తీసి దారి చేశారు. నడుంలోతు కోసం పాస్టరు గారూ జోగారావూ చాలా దూరం నడిచారు. ఫొటోలకని ఎవరూ నీళ్లలోకి దిగొద్దని పాస్టరు గారు ముందే చెప్పేశారు. ముంచేటప్పుడు ఇద్దరినీ తీసి, లేవగానే తండ్రి మొహం దగ్గరికి లాగాలని జాకబ్ గట్టు మీద నిలబడ్డాడు.

పాస్టరు గారు ముంచారు. తండ్రి లేచాడు. జాకబ్ చెయ్యి రింగు తిప్పింది, పాతికేళ్లుగా తిప్పినవైపే.

తండ్రి దూరమైపోయాడు. గాభరాలో ఇంకా తిప్పాడు. ఇంకా దూరం. షట్టరు మాత్రం టకటకా పడుతూనే ఉంది. తప్పు తెలిసి వెనక్కి తిప్పేసరికి జోగారావు మొహాన్ని తువ్వాలు కప్పేసింది.

ఒడ్డుకొచ్చిన పాస్టరు గారిని జాకబ్ పక్కకి పిలిచాడు. "ఇంకొక్కసారి కుదరదాండీ?" అని నోరు విడిచి అడిగాడు.

"ఇది ఒక్కసారేనండీ జాకబ్ గారూ," అన్నారాయన మెత్తగా.

ఇంతలో జోగారావు తల తుడుచుకుంటూ వచ్చాడు. "బాగా వచ్చిందేంట్రా? మీ అమ్మ చూస్తదని నీ వైపే చూసి నవ్వాను."

జాకబ్‌కి ఏడుపొచ్చింది. కెమెరా సంచిలో పెట్టేసుకున్నాడు.

సాయంత్రం ఎంత పెద్దది చేసి చూసినా తండ్రి మొహం అలుక్కుపోయిందే తప్ప తేలలేదు. ఉన్నదున్నట్టే ప్రింటు తీసి తల్లి చేతిలో పెట్టాడు. ఆవిడ కళ్లకి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు వెతికింది. నీళ్లూ, ఆకాశం, కొంగలూ అన్నీ తేటగా ఉన్నాయి.

"మీ నాన్నేరిరా?"

జాకబ్ వేలు పెట్టి చూపించాడు. ఆ వేలి కింద తండ్రి మొత్తం మునిగిపోయాడు.

"నవ్వానంటున్నారు. ఇందులో నా కంటికి ఆనటం లేదు. నువ్వు చూశావు గదరా, నవ్వారా?"

"నవ్వారమ్మా," అన్నాడు జాకబ్. అతను చూడలేదు.