కిటికీ గోతిలో చుట్టం

జీగెన్ అనే జర్మన్ ఊరి బయటి పల్లెలో శశికాంత్ అద్దెకున్నది నేలమాళిగ గది. కిటికీ తెరిస్తే కనబడేది ఆకాశం కాదు, వెలుతురు కోసం తవ్విన సిమెంటు గొయ్యి. తోడున్న ఈశ్వర్ ఉద్యోగం దొరికి ఉంటర్‌ఫ్యోరింగ్ అనే దూరపు ఊరికి వెళ్లిపోయాక ఆ గదిలో నోరు తెరిచేది ప్రెషర్ కుక్కర్ ఒక్కటే.

మార్చి వానల్లో ఒక పొద్దున ఆ గోతిలో జానెడు జీవి కనబడింది. నల్లగా నిగనిగలాడుతోంది, ఒళ్లంతా పసుపు మచ్చలు. నలికిరి అనుకున్నాడు. చేనుగట్టున రాళ్ల మీద ఎండ కాగే నలికిరిని చిన్నప్పటి నుంచీ ఎరిగినవాడే. దీనికి కాస్త సోకెక్కువ, అంతే.

సాయంత్రం ఈశ్వర్‌కి ఫోన్ చేశాడు. "చుట్టమొచ్చింది రా నాకు."

"ఎవరు? పోరియా?"

"నలికిరి."

"థూ! థీసిస్ రాస్తున్నవ్ అనుకున్న. బల్లితోని ముచ్చట్లు పెడ్తున్నవా?"

"నువ్వు ఫోన్ ఎత్తకుంటె ఏం జెయ్యాలె మరి?"

ఈశ్వర్ నవ్వి, మీటింగుందని పెట్టేశాడు.

అది గోతిలోంచి కదల్లేదు. టీ గ్లాసుతో కిటికీ దగ్గర కూర్చోవడం, దానికి ఆ రోజు సంగతులు చెప్పడం శశికాంత్‌కి అలవాటైపోయింది. చలి ముదిరిన పూట ప్రాణం ఒప్పక లోపలికి తెచ్చాడు. అట్టపెట్టెలో పొడి తువ్వాలు పరిచి హీటర్ పక్కన పెట్టాడు.

మధ్యాహ్నానికి దాని నిగనిగ పోయింది. తోలు ముడతలు పడింది, తల లేవడం లేదు. హడలిపోయి పైకి పరుగెత్తి, ఇంటి యజమానురాలు ఫ్రావ్ ష్నైడర్‌ని పిలుచుకొచ్చాడు.

ముసలావిడ వస్తూనే హీటర్ కట్టేసింది. తోటలో తొట్టి నుంచి వాననీళ్లు తెప్పించి, చేతులు తడుపుకుని దాన్ని ఎత్తింది.

"వేళ్లు చూడు. గోళ్లున్నాయా? ఒంటి మీద పొలుసులున్నాయా?"

లేవు.

"బల్లి కాదు, సాలమాండర్. కప్పల తరహా. తడి ఆరితే చస్తుంది."

తడి ఆకుల మీద పెట్టాక చాలాసేపటికి దాని గొంతు కింద చర్మం కొట్టుకోసాగింది.

"ఇక్కడే ఉంచుకోనా, ఫ్రావ్ ష్నైడర్? తడిగానే చూసుకుంటా."

"నీ దగ్గరికి రాలేదది. గోతిలో పడింది, ఎక్కలేకపోయింది." ఆవిడ గొంతులో కోపం లేదు. "దానికి నువ్వు అక్కర్లేదు, శశి."

సలాడ్ గిన్నెలో పెట్టుకుని అడవి వాగు దాకా నడిచారు. నాచు పక్కన వదిలాడు. ఒక్కసారి ఆగుతుందేమోనని చూశాడు. అది తీరిగ్గా అడుగులేసుకుంటూ చెట్టు వేళ్ల కిందికి దూరిపోయింది.

ఇంటికొచ్చాక ఆవిడ ఇనుప జాలీ, స్క్రూలు చేతికిచ్చింది. "ఇంకోటి పడకుండా బిగించు."

మూడు మూలలు బిగించాడు. నాలుగో మూల దగ్గర చెయ్యి ఆగింది. అంత సందు వదిలితే ఎవరు చూడొచ్చారు? ఎప్పుడో ఒక వానకి ఇంకో చుట్టం రాకపోదు. తువ్వాలు మీద ముడతలు పడ్డ ఆ ఒళ్లు గుర్తొచ్చింది. స్క్రూ గట్టిగా తిప్పాడు.

లోపలికొచ్చి టీ పెట్టుకుని, అలవాటుగా కిటికీ దగ్గరే కూర్చున్నాడు. జాలీ సందుల్లోంచి గోతిలోకి వాన ఒక్కటే దిగుతోంది.